కోరింత దగ్గుకు టీకా ఉండగా మళ్లీ కొత్తది ఎందుకు?

మీ ప్రశ్న ఇదీ: పాపకు నెల దాటింది. ప్రభుత్వ ఆసుపత్రిలో వేసే టీకాకు జ్వరం వస్తుంది, బయట నొప్పి లేని టీకా వేయించమని చుట్టాలు అంటున్నారు. అమెరికాలో ఉన్న మీ అక్కేమో, అక్కడ అందరికీ ఆ నొప్పి లేని టీకాలే వేస్తున్నా కోరింత దగ్గు మళ్లీ వస్తోందని, కొత్త టీకాలు తయారవుతున్నాయని ఫోన్‌లో చెప్పింది. ఎనభై ఏళ్లుగా ఉన్న టీకాకు మళ్లీ కొత్తది ఎందుకు, అది వచ్చేదాకా ఆగాలా అని అడిగారు.

చివరి దానికి ముందే చెప్పేస్తాను: ఆగొద్దు. ఆరు వారాలు నిండగానే ఉన్న టీకా వేయించేయండి. మిగతాది తీరిగ్గా చదవండి.

నేను పాతికేళ్లకు పైగా టీకాల తయారీలో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం కోరింత దగ్గు భాగం ఉండే డీపీటీ టీకా నాణ్యత పరీక్షల విభాగంలోనే. డాక్టర్‌ని కాను, మైక్రోబయాలజీ చదివినవాణ్ణి. పాపకు ఏది వేయించాలన్న దాంట్లో తుది మాట మీ పిల్లల డాక్టర్‌దే. సీసా లోపల ఏముంటుంది, అది ఎందుకలా ప్రవర్తిస్తుంది అన్నది మాత్రం నేను చెప్పగలను.

ఈ జబ్బు తెచ్చే బాక్టీరియా పేరు బోర్డెటెల్లా పెర్టుసిస్. 1906లో బ్రస్సెల్స్‌లో జూల్స్ బోర్డే, ఆక్టావ్ జాంగూ దీన్ని మొదటిసారి ప్లేటు మీద పెంచగలిగారు. బంగాళాదుంప రసం, గ్లిజరిన్, రక్తం కలిపి చేసిన మేత అది. వాళ్లిద్దరి పేరుతోనే ఇప్పటికీ ల్యాబుల్లో వాడుతున్నాం. ఈ బాక్టీరియాకు నఖరాలు ఎక్కువ. మామూలు బాక్టీరియా అయితే సాయంత్రం ప్లేటు మీద గీస్తే తెల్లారేసరికి నిండిపోతుంది. ఇది సోమవారం గీస్తే మంగళవారం ఏమీ ఉండదు, బుధవారం ఏమీ ఉండదు, గురువారానికి దీపం కింద వాల్చి చూస్తే పాదరసం చుక్కల్లా మెరిసే బుడిపెలు కనబడతాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు రెండో రోజే ‘సార్, పెరగలేదు’ అని ప్లేట్లు పారేయబోయేవాళ్లు.

ఇది రక్తంలోకి దూరే రకం కాదు. ముక్కు, గొంతు, ఊపిరిగొట్టం లోపలి పొర మీద సన్నటి నూగు ఉంటుంది కదా, దుమ్మునీ కఫాన్నీ పైకి ఊడ్చేది, దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. అక్కడ కూర్చునే విషాలు వదులుతుంది. ఒక విషం ఆ నూగు కణాలను చంపుతుంది. ఇంకొకటి, పెర్టుసిస్ టాక్సిన్ అనేది, ఒళ్లంతా పాకి తెల్ల రక్తకణాలను విపరీతంగా పెంచుతుంది. ఊడ్చేవాళ్లు లేని ఇంట్లో చెత్తలా కఫం పేరుకుపోతుంది, దగ్గు ఆగదు. కాస్త పెద్ద పిల్లలు గుక్క తిరగకుండా పది పదిహేను సార్లు దగ్గి, చివర్లో ఊపిరి లోపలికి లాగినప్పుడు ‘ఊప్’ మని కూత వస్తుంది. జపాన్ వాళ్లూ చైనా వాళ్లూ దీన్ని వంద రోజుల దగ్గు అంటారు, ఆ లెక్కలో అతిశయం పెద్దగా లేదు.

రెండు నెలల పసిగుడ్డుకు ఆ కూత కూడా రాదు. దగ్గే సత్తువ ఉండదు. ఊపిరి ఆగి, పెదాలు నల్లబడి పోతుంది. ఈ జబ్బుతో చనిపోయేది ఎక్కువగా ఈ వయసు వాళ్లే. 2014 సంవత్సరానికి వేసిన ఒక అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు 2 కోట్ల 40 లక్షల కేసులు, లక్షా 60 వేల మరణాలు.

క్రిమి కాపురం ముక్కులో, గొంతులో అన్న సంగతి గుర్తు పెట్టుకోండి. మీ ప్రశ్నకు జవాబంతా అక్కడే ఉంది.

పాత టీకా గురించి. దీన్ని హోల్ సెల్ అంటారు. అంటే బాక్టీరియాను మొత్తానికి మొత్తంగా పెంచి, వేడితోనో ఫార్మలిన్‌తోనో చంపి, ఆ శవాలనే టీకాగా వేయడం. చాలామంది చేసి చూశారు. డెన్మార్క్‌లో థోర్వాల్డ్ మాడ్సెన్ 1920లలో ఫారో దీవుల్లో వేసి చూశాడు. నమ్మదగ్గ లెక్క తెచ్చింది మాత్రం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, గ్రాండ్ రాపిడ్స్ ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు, పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్. ఆర్థిక మాంద్యం రోజులు. పగలంతా ప్రభుత్వ ల్యాబులో నీళ్లు, పాలు పరీక్షించే ఉద్యోగం. సాయంత్రం అయ్యాక దగ్గుతున్న పిల్లల ఇళ్లకు వెళ్లేవాళ్లు. పిల్లవాడి నోటి ముందు మూత తీసిన ప్లేటు పట్టుకుని దగ్గించేవాళ్లు. ఆ తుంపరలో బాక్టీరియా ఉంటే ప్లేటు మీద మొలుస్తుంది. ఎవరికి జబ్బు ఉంది, ఎన్ని వారాల దాకా అంటుకుంటుంది అన్నది ఆ ప్లేట్లతోనే తేల్చారు. 1934లో మొదలైన వాళ్ల మొదటి పరీక్షలో టీకా వేసిన 712 మంది పిల్లల్లో నలుగురికి, వేయని 880 మందిలో 45 మందికి జబ్బు వచ్చింది. 1940లలో డిఫ్తీరియా, ధనుర్వాతం టీకాలతో కలిపి డీపీటీ అయింది. మన తరం అంతా అదే వేయించుకుని పెరిగాం.

దానికి నాణ్యత పరీక్ష కూడా కెండ్రిక్ పెట్టిందే. ఎలుకలకు టీకా వేయాలి, రెండు వారాలు ఆగాలి, తర్వాత బతికున్న బాక్టీరియాను నేరుగా వాటి మెదడులోకి ఎక్కించాలి. మూడు రోజుల్లోపు చచ్చినవి సూది పోటుకు చచ్చినవిగా లెక్కలోంచి తీసేసి, పద్నాలుగో రోజు దాకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. వినడానికి మొరటుగా ఉంటుంది, చేయడానికి ఇంకా మొరటు. కానీ 1940ల, 50ల బ్రిటన్ పరీక్షల్లో తేలింది ఏమిటంటే, ఎలుకల్లో బాగా పనిచేసిన బ్యాచే పిల్లల్లోనూ పనిచేసింది. అందుకే ఈ పరీక్ష ఇన్నేళ్లు నిలబడింది. దీనికి జతగా ఇంకొకటి, ఎలుకల బరువు పరీక్ష. మనిషికి వేసే డోసులో సగం ఎలుక పొట్టలోకి ఎక్కించి, మూడో రోజు, ఏడో రోజు తూకం వేస్తాం. బరువు తగ్గితే బ్యాచ్‌లో విషం మిగిలినట్టు. మా అమ్మాయి చిన్నప్పుడు ‘మా నాన్న ఎలుకలను తూకం వేస్తాడు’ అని స్కూల్లో చెప్పుకునేది. అబద్ధం ఏమీ కాదు.

ఈ టీకా తయారీలో చెయ్యి తిరగాలి. ఒకసారి మా దగ్గర వరసగా మూడు బ్యాచ్‌లు ఎలుకల పరీక్షలో పోయాయి. ట్యాంకులో బాక్టీరియా బ్రహ్మాండంగా పెరిగింది, మామూలు కంటే తొందరగా కూడా పెరిగింది. అందరం సంతోషపడ్డాం. సంతోషపడాల్సింది కాదు. విత్తనంగా వాడే బాక్టీరియాను ఎవరో అవసరానికి మించి ప్లేటు నుంచి ప్లేటుకు మార్చుకుంటూ పోయారు. అలా ల్యాబులో సుఖానికి అలవాటు పడితే ఇది విషాలూ అంటుకునే కొక్కేలూ తయారు చేయడం మానేస్తుంది. చుక్కలు పాదరసంలా ఉబ్బి మెరవాల్సింది పోయి చదునుగా, బూజు పట్టినట్టు కనబడ్డాయి. గడ్డకట్టించి దాచిన అసలు విత్తనం తీసి మళ్లీ మొదలుపెట్టాం. దాదాపు ఏడాది పని పోయింది. అంటే హోల్ సెల్ అని పేరు ఒకటే అయినా, అన్ని హోల్ సెల్ టీకాలూ ఒకటి కాదు. ఈ మాట అవసరం ముందుముందు ఇంకోసారి వస్తుంది.

ఇక జ్వరం సంగతి. బాక్టీరియా శవంలో మనకు కావలసిన నాలుగైదు ప్రొటీన్లతో పాటు వేల కొద్దీ అక్కర్లేనివి ఉంటాయి. వాటి పైపొరలో ఎండోటాక్సిన్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. జ్వరం, సూది వేసిన చోట ఎర్రగా వాచి గడ్డ కట్టడం, పిల్ల రాత్రంతా గుక్కపెట్టి ఏడవడం, చాలావరకు దాని చలవే. ఒకటి రెండు రోజులు ఉండి పోతుంది. కానీ 1970లలో ఇది పెద్ద భయంగా మారింది. 1974లో బ్రిటన్‌లో కొందరు పిల్లల మెదడు జబ్బులను టీకాతో ముడిపెట్టి ఒక వ్యాసం వచ్చింది. పేపర్లు, టీవీలు ఎత్తుకున్నాయి. టీకా వేయించేవాళ్లు సుమారు 80 శాతం నుంచి 30 శాతానికి పడిపోయారు. జబ్బు తిరిగొచ్చింది, లక్షకు పైగా కేసులు. జపాన్‌లో ఇద్దరు పసిపిల్లలు టీకా తర్వాత చనిపోవడంతో 1975లో కొంతకాలం ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టినా జనం ముందుకు రాలేదు. 1974లో నాలుగు వందల లోపు ఉన్న కేసులు 1979లో 13 వేలు దాటాయి, 41 మంది చనిపోయారు.

ఆ మెదడు జబ్బుల కథ చాలా ఏళ్లకు తేలింది. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, టీకా వల్లే మెదడు దెబ్బతిందని అనుకున్న 14 మందిని జన్యుపరీక్ష చేస్తే, 11 మందిలో ఎస్‌సీఎన్1ఎ అనే జన్యువులో లోపం కనబడింది. పుట్టుకతో వచ్చే మూర్ఛ జబ్బు అది. టీకా జ్వరం మొదటి ఫిట్స్‌ను ముందుకు లాగి ఉండొచ్చు, జబ్బును పుట్టించింది మాత్రం అది కాదు. కానీ ఆ మాట తెలిసేసరికి ప్రపంచంలో చాలా దేశాల దారి మారిపోయింది.

దారి మార్చింది జపాన్‌లోని యుజి సాటో, హిరోకో సాటో దంపతులు. బాక్టీరియా మొత్తం ఎందుకు, దాన్ని పెంచిన ద్రవంలోంచి పెర్టుసిస్ టాక్సిన్‌ను, అంటుకోవడానికి పనికొచ్చే ఇంకో ప్రొటీన్‌ను విడిగా తీసి, విషం విరిచి, వాటినే వేస్తే సరిపోదా అన్నారు. 1981లో జపాన్ దాన్ని వాడకంలోకి తెచ్చింది. ఇదే ఎసెల్యులర్ టీకా, మీ చుట్టాలు చెప్పే నొప్పి లేని టీకా. తర్వాత పెర్టాక్టిన్ అనే ప్రొటీన్ ఒకటి, నూలుపోగుల్లాంటి ఫింబ్రియా ప్రొటీన్లు రెండు కొన్ని రకాల్లో చేరాయి. జ్వరం, వాపు నిజంగానే బాగా తగ్గాయి. 1990లలో ఇటలీలో, స్వీడన్‌లో వేలమంది పసిపిల్లల మీద పరీక్షలు జరిగాయి. ఇటలీలో ఎసెల్యులర్‌కు 84 శాతం రక్షణ వచ్చింది. పక్కన పోల్చడానికి పెట్టిన హోల్ సెల్‌కు 36 శాతమే. ఇంకేం, కొత్తదే గొప్పదని తేలిపోయింది అనుకున్నారు.

ఇందాక చెప్పాను కదా, హోల్ సెల్‌లు అన్నీ ఒకటి కాదని. ఆ పరీక్షలో పోలికకు పెట్టింది ఆ జాతిలో నాసిరకం. మంచి హోల్ సెల్ టీకాలకు అంతకు రెట్టింపు పైనే రక్షణ ఇచ్చిన చరిత్ర ఉంది. ఓడిపోయే గుర్రం పక్కన పరిగెత్తించి గెలిచిందన్నట్టయింది. ఎవరూ మోసం చేశారనడం లేదు, ఆ టీకాకు అప్పటికి లైసెన్సు ఉంది, అమ్ముడవుతోంది కూడా. 1990ల చివరికి అమెరికా, యూరప్‌లోని చాలా దేశాలు, ఆస్ట్రేలియా ఎసెల్యులర్‌కు మారిపోయాయి.

పది పన్నెండేళ్లు గడిచాయి. 2010లో కాలిఫోర్నియాలో 9 వేలకు పైగా కేసులు, పదిమంది పసికందుల మరణం. మొదట టీకాలు వేయించని కుటుంబాల మీద అనుమానం పడింది, కొంత నిజం కూడా. కానీ వయసుల వారీగా చూస్తే ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలు, అన్ని డోసులూ సక్రమంగా వేయించుకున్నవాళ్లే, ఎక్కువగా కనబడ్డారు. పుట్టినప్పటి నుంచి ఎసెల్యులర్ తప్ప ఇంకోటి ఎరగని మొదటి తరం అది. ఉత్తర కాలిఫోర్నియా పిల్లల లెక్క 2012లో వచ్చింది. ఐదో డోసు తర్వాత గడిచే ఒక్కో ఏడాదికీ జబ్బు వచ్చే అవకాశం సగటున 42 శాతం చొప్పున పెరుగుతూ పోయింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి ఇంకో లెక్క. పసితనంలో మూడు డోసులూ ఎసెల్యులర్ వేసినవాళ్లలో, మూడూ హోల్ సెల్ వేసినవాళ్లతో పోలిస్తే, పదేళ్ల తర్వాత వచ్చిన విజృంభణలో జబ్బు మూడు రెట్లకు పైగా కనబడింది.

నాకు ఎక్కువ కళ్లు తెరిపించింది మాత్రం బబూన్ కోతుల ప్రయోగం. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏలో టాడ్ మెర్కెల్ బృందం చేసింది. ఈ కోతులకు మనలాగే దగ్గు వస్తుంది, పక్క బోనులోని వాటికి అంటుతుంది. టీకాలు వేసి, తర్వాత బతికున్న బాక్టీరియాను ముక్కులో, గొంతులో పోశారు. ఏ టీకా వేసినవీ జబ్బు పడలేదు. ఆ మాటతో ఆపేస్తే రెండూ పాస్. కానీ వాళ్లు మధ్యమధ్యలో ముక్కు కడిగి లెక్కపెట్టారు. టీకా లేని కోతుల్లో బాక్టీరియా నెల రోజులు ఉంది. హోల్ సెల్ వేసినవాటిలో 18 రోజుల్లో పోయింది. ఎసెల్యులర్ వేసినవాటిలో 35 రోజులు! ఒంట్లో బాగానే ఉంది, దగ్గు లేదు, ఆడుకుంటున్నాయి, ముక్కులో మాత్రం క్రిమి కాపురం చేస్తోంది. వాటి దగ్గర టీకా లేని కోతిని పెడితే దానికి అంటుకుంది. అంతకుముందు జబ్బు వచ్చి తగ్గిన కోతుల ముక్కులో మాత్రం అసలు నిలవలేదు.

అంటే ఇన్నేళ్లూ మనం కొలిచింది ‘పిల్లవాడికి జబ్బు వచ్చిందా’ అని. ‘పిల్లవాడి ముక్కులో క్రిమి ఉందా, పక్కింటి పసిగుడ్డుకు చేరుతుందా’ అని కొలవలేదు. కొలవనిది పోయినా తెలియదు కదా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినంత కాదు గానీ, జ్వరం తీసేయబోయి దాంతోపాటు ఇంకేదో కూడా కొంత తీసేశాం.

ఆ ఇంకేదో ఏమిటి? జబ్బు వచ్చినప్పుడు గానీ, హోల్ సెల్ వేసినప్పుడు గానీ, జబ్బుతో పోరాడే తెల్ల రక్తకణాలైన టీ కణాల్లో టీహెచ్1, టీహెచ్17 అనే రకాలు తయారవుతాయి. బాక్టీరియా పొర మీద కూర్చుంటే తరిమేవి ఇవి. జబ్బు తగ్గినవాళ్లలో కొన్ని ముక్కు లోపలి పొరలోనే ఏళ్ల తరబడి కాపలా ఉండిపోతాయి. ఎసెల్యులర్‌లో ప్రొటీన్లను అల్యూమినియం ఉప్పు మీద అంటించి ఇస్తారు. అది ఎక్కువగా టీహెచ్2 అనే ఇంకో రకాన్ని లేపుతుంది. రక్తంలో యాంటీబాడీలు దండిగా వస్తాయి, విషాన్ని పట్టేస్తాయి, జబ్బు రాదు. కానీ కాపలావాళ్లు ఊరి మధ్యలో ఉన్నారు, దొంగ పొలిమేరలో కూర్చున్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే, హోల్ సెల్‌లో మనం తిట్టుకున్న ఎండోటాక్సినే టీహెచ్1 దారి పట్టించేవాటిలో ఒకటి.

దీని మీద బాక్టీరియా కూడా ఊరుకోలేదు. ఎసెల్యులర్ వాడే దేశాల్లో పెర్టాక్టిన్ ప్రొటీన్‌ను అసలు తయారే చేయని రకాలు పెరిగాయి. పోలీసులు ఎర్రచొక్కా వాణ్ణి వెతుకుతుంటే వాడు చొక్కా విప్పేసినట్టు. చైనాలో అయితే అజిత్రోమైసిన్ కుటుంబం మందులకు లొంగని రకాలు బాగా వ్యాపించాయి. ఈ జబ్బుకు మొదట ఇచ్చే మందు అదే కాబట్టి, టీకా మీద భారం పెరిగినట్టే.

ఇప్పుడు కొత్త టీకాల సంగతికి వస్తాను. మూడు దారులు ఉన్నాయి. మూడింటి మీదా నాకు ఒకే నమ్మకం లేదు.

మొదటిది, ఎసెల్యులర్‌నే బాగుచేయడం. పెర్టుసిస్ టాక్సిన్‌ను ఫార్మలిన్‌లో ఊరబెట్టి విషం విరిచినప్పుడు దాని రూపం కూడా పాడవుతుంది. శరీరం గుర్తుపట్టాల్సిన మూలలు మూసుకుపోతాయి. అలా కాకుండా, 1980ల చివర ఇటలీలో రీనో రాప్పువోలి బృందం టాక్సిన్ జన్యువులో రెండే రెండు అమైనో ఆమ్లాలు మార్చింది. విషం పోయింది, రూపం అలాగే ఉంది. అలా చేసిన టీకా 1990ల ఇటలీ పరీక్షలో బాగానే పనిచేసింది, తర్వాత మార్కెట్‌లో నిలవలేదు. ఆ ఆలోచనను థాయ్‌లాండ్‌లోని బయోనెట్ ఏషియా మళ్లీ పైకి తెచ్చింది. 2016లో అక్కడ లైసెన్సు వచ్చింది. పెద్ద పిల్లల్లో ఏడాది తర్వాత కూడా మామూలు టీకా కంటే యాంటీబాడీలు ఎక్కువ నిలిచాయి. మంచి పని. గర్భిణులకు ఇవ్వడానికి ఇది చాలా బాగుంటుంది, ఎందుకంటే అక్కడ కావలసింది యాంటీబాడీలే. కానీ ముక్కు సమస్య దీనితో తీరుతుందని నేను అనుకోను.

రెండోది, హోల్ సెల్‌నే బాగుచేయడం. బ్రెజిల్‌లోని బుటాంటాన్ సంస్థ చంపిన బాక్టీరియాలోంచి ఎండోటాక్సిన్‌ను చాలావరకు కడిగేసి చూసింది. అర్జెంటీనాలో ఒక బృందం బాక్టీరియా పైపొర నుంచి ఊడే చిన్నచిన్న బుడగలను టీకాగా వాడి ఎలుకల్లో మంచి ఫలితాలు తెచ్చింది. మనలాంటి దేశాలకు సరిపడే దారి ఇది, ఉన్న ట్యాంకులే వాడొచ్చు. కానీ దీని వెనక డబ్బు పెట్టేవాళ్లు తక్కువ. డబ్బున్న దేశాలకు హోల్ సెల్ అన్న మాటే పడదు.

మూడోది నాకు నచ్చిన దారి. క్రిమి ముక్కులోంచి వస్తుంటే టీకా తొడలో ఎందుకు, ముక్కులోనే వేద్దాం అన్నది. ఫ్రాన్స్‌లో, లీల్‌లోని పాశ్చర్ సంస్థలో కమీల్ లోష్ట్, నథాలీ మియెల్‌కరెక్ బృందం బీపీజెడ్ఈ1 అనే బాక్టీరియాను తయారు చేసింది. 2006లో మొదటి ఫలితాలు వచ్చాయి. బతికున్న బాక్టీరియానే, కోరలు పీకినది. పెర్టుసిస్ టాక్సిన్‌ను జన్యువులోనే పనిచేయకుండా చేశారు. చర్మాన్ని కుళ్లబెట్టే ఇంకో విషం జన్యువును పూర్తిగా తీసేశారు. నూగు కణాలను చంపే విషం ఉందన్నానే, దాన్ని బయటికి వదలకుండా తిరిగి లోపలికి లాక్కునేలా ఈ-కోలై బాక్టీరియా నుంచి ఒక జన్యువు తెచ్చి పెట్టారు. ముక్కులో స్ప్రే కొడితే కొన్నాళ్లు అక్కడ ఉండి, జబ్బు చేయకుండా, జబ్బు వచ్చి తగ్గినట్టుగా శరీరానికి పాఠం చెప్పి పోతుంది. బబూన్లలో ముక్కులో బాక్టీరియా నిలవడం బాగా తగ్గింది. అమెరికాలో 300 మంది పెద్దవాళ్ల మీద జరిగిన పరీక్ష 2023లో అచ్చయింది. ముక్కు, గొంతు పొరల మీద కాపలా ఉండే ఐజీఏ రకం యాంటీబాడీలు ముక్కు లోపల వచ్చాయి. పెద్దవాళ్లకు చేతికి వేసే, ఎసెల్యులర్ కోరింత దగ్గు భాగం ఉన్న టిడాప్ సూదితో అవి అలా రాలేదు. స్కూలు పిల్లల్లోనూ పరీక్షలు జరిగాయి.

మరి ఇంకా ఎందుకు రాలేదు అంటారా. అసలు కష్టం ఇక్కడే. కొత్త టీకా పనిచేస్తుందని రుజువు చేయాలంటే పాత పద్ధతిలో వేలమంది పసిపిల్లల్లో సగం మందికి టీకా వేయకుండా ఉంచాలి. మంచి టీకా ఉండగా ఎవరూ అలా చేయరు, చేయకూడదు. పోనీ రక్తం పరీక్షలో ఫలానా అంకె దాటితే రక్షణ ఉన్నట్టు అనుకుందామా? ధనుర్వాతానికి అలాంటి అంకె ఉంది, కోరింత దగ్గుకు లేదు. అందుకే బ్రిటన్‌లో, సౌతాంప్టన్‌లో ఇంకో దారి తొక్కారు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులు ఇష్టపూర్వకంగా వచ్చి, ముక్కులో బతికున్న బాక్టీరియా చుక్కలు వేయించుకుని, రెండు వారాలకు పైగా ప్రత్యేక వార్డులో ఉన్నారు. లక్ష బాక్టీరియా వేస్తే ఐదుగురిలో నలుగురికి ముక్కులో నిలిచింది, జబ్బు మాత్రం రాలేదు, చివర్లో అజిత్రోమైసిన్‌తో కడిగేశారు. టీకా వేసినవాళ్లను కూడా ఇలా పరీక్షిస్తే, ముక్కును కాపాడుతుందో లేదో కొద్దిమందితోనే తెలిసిపోతుంది. ఎన్నాళ్లుగానో కొలవకుండా వదిలేసిన దాన్ని కొలిచే దారి దొరికిందన్న మాట.

ఇంకో అడ్డం ఉంది, బయట ఎవరూ చెప్పరు. ఇప్పుడు కోరింత దగ్గు టీకా ఒంటరిగా రాదు. మన పెంటావాలెంట్‌లో ఐదు జబ్బుల టీకాలు ఒకే సీసాలో. ఒక్క భాగం మారిస్తే మిగతా నాలుగూ అలాగే పనిచేస్తున్నాయని మళ్లీ మొదటి నుంచి రుజువు చేయాలి. ఏ కంపెనీ అయినా నడుస్తున్న బండి చక్రం ఎందుకు విప్పుతుంది? ముక్కు టీకాకు ఈ బెడద లేదు గానీ, పసిపిల్లలకు బతికున్న బాక్టీరియా ఇవ్వడం దాకా రావాలంటే పెద్దలు, తర్వాత స్కూలు పిల్లలు, ఆ తర్వాతే వాళ్లు. మీ పాప విషయంలో ఆగొద్దన్నది ఇందుకే.

మన సంగతి. మన దేశంలో ప్రభుత్వం వేసేది హోల్ సెల్ ఉన్న పెంటావాలెంట్, ఆరు, పది, పద్నాలుగు వారాలకు. తర్వాత పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఒక డీపీటీ, ఐదారేళ్లకు ఇంకోటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో హోల్ సెల్ వాడుతున్న దేశాలు దాన్నే కొనసాగించాలని చెప్పింది. పేద దేశాల పిల్లలకు వెళ్లే పెంటావాలెంట్‌లో ఎక్కువ భాగం మన దేశంలోనే తయారవుతుంది. హైదరాబాద్‌లో బయలాజికల్ ఇ, భారత్ బయోటెక్, శాంతా బయోటెక్నిక్స్ మూడూ దాన్ని చేసినవే. అంటే ధనిక దేశాలు వదిలేసిన విద్య మన ఊళ్లో బతికి ఉంది. దాన్ని వెనకబాటుతనంగా చూసే మనవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పాపకు ఏది వేయించాలి? పీహెచ్‌సీలో వేసేది నాసిరకం కాదు. జ్వరం వస్తే వస్తుంది, పారాసెటమాల్ చుక్కలు ఎంత వేయాలో ఏఎన్ఎం చెబుతుంది, వాచిన చోట రుద్దకండి, కాపడం పెట్టకండి. పక్కింటి అమ్మమ్మ పసుపు పట్టేస్తానంటుంది, వద్దని మర్యాదగా చెప్పండి. ఇంతకు ముందు టీకా తర్వాత ఫిట్స్ వచ్చినా, పాపకు నరాల జబ్బు ఏదైనా ఉన్నా డాక్టర్‌తో మాట్లాడాకే వేయించండి. అలాంటప్పుడు ఎసెల్యులర్‌ ఉండటం నిజంగా మేలు. అది పనికిరాని టీకా అని నేను అనడం లేదు, పసిపిల్లలను చావు నుంచి బాగానే కాపాడుతుంది. ఏ కారణం వల్లైనా అదే వేయిస్తే, బూస్టర్లు మాత్రం తేదీ తప్పకుండా వేయించండి. అన్నిటికంటే చెడ్డది, ఏది మంచిదో తేల్చుకోలేక మూడు నెలలు గడిపేయడం.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. మొదటి డోసు ఆరు వారాలకు. ప్రాణం మీదికి వచ్చేదీ ఆ వయసులోనే. ఆ ఖాళీని పూడ్చేది తల్లి. గర్భంతో ఉన్నప్పుడు 27 నుంచి 36 వారాల మధ్య టిడాప్ వేయించుకుంటే యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి. 2012లో ఇంగ్లండ్‌లో 14 మంది పసికందులు చనిపోయాక అక్కడ ఇది మొదలుపెట్టారు. మూడు నెలలలోపు పిల్లల్లో 91 శాతం రక్షణ కనబడింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు వేసేది టీడీ, అంటే ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా. పేరు దగ్గరగా ఉంది గానీ అందులో కోరింత దగ్గు భాగం లేదు. చాలామంది ‘టీటీ సూది వేశారు కదా’ అనుకుని ఊరుకుంటారు. టిడాప్ కావాలంటే బయట, డాక్టర్‌ని అడిగి వేయించుకోవాలి. మీకు ఈసారికి దాటిపోయింది, మీ అక్కకో మరదలికో చెప్పండి.

కూతురి పురుడికి అమెరికా వెళ్లే అమ్మమ్మలను అక్కడి డాక్టర్లు టిడాప్ వేయించుకుని రమ్మనడం మీరు వినే ఉంటారు. ‘ఈ వయసులో నాకు డీపీటీ ఏంటి’ అని మా వదినగారు నాకే ఫోన్ చేసి నవ్వారు. పెద్దవాళ్లకు ఈ జబ్బు నెలరోజుల మొండి దగ్గుగా వస్తుంది, ఎవరూ కోరింత దగ్గు అనుకోరు, చలిగాలి అంటారు, దుమ్ము అంటారు. మన దగ్గర అయితే పీసీఆర్ పరీక్ష చేసేవాళ్లూ తక్కువే. ఆ దగ్గుతోనే పసిపాపను ఒళ్లో పడుకోబెట్టుకుంటారు. ప్రయాణానికి రెండు వారాల ముందే వేయించుకోమని చెప్పాను. వేయించుకున్నారు. చెయ్యి రెండు రోజులు నొప్పి పుట్టిందని మళ్లీ ఫోన్ చేశారు.

మీ పాపకు ఆరు వారాలు ఎప్పుడు నిండుతాయో తేదీ రాయండి. అంతకు ముందే జలుబు లాంటిది ఏమైనా ఉంటే అది కూడా రాయండి, మామూలు జలుబుకు టీకా వాయిదా వేయనక్కర్లేదు.